ముందు ఫార్మాట్ కాదండీ, ముందు ర్యామ్ చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో కంప్యూటర్ సలహాల శీర్షికలో ఎవరో పాఠకుడు, మా అసెంబుల్డ్ పీసీ ఉన్నట్టుండి ఆగిపోయి దానంతటదే రీస్టార్ట్ అయిపోతోంది ఏం చెయ్యమంటారు అని అడిగితే, మీవాళ్ళు రెండే రెండు ముక్కల్లో వైరస్ అయ్యుంటుంది, బ్యాకప్ తీసుకుని ఫార్మాట్ చేయించండి (అంటే డిస్కంతా చెరిపి విండోస్ మళ్ళీ ఎక్కించండి) అని రాసేశారు. అది చదివి టీ గ్లాసు పక్కన పెట్టేశానండి. సరిగ్గా ఇదే సలహా పట్టుకుని మా ఇంట్లో ఆర్నెల్లు తిప్పలు పడ్డాం, డబ్బులు పోయాయి, ఇంకా తిరిగిరానివి కొన్ని పోయాయి. ఆ పాఠకుడు ఇంకా ఫార్మాట్ కొట్టించకపోతే ఆపుదామనే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి గానీ మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

నేను స్టీల్‌ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసి రిటైరైనవాణ్ణి, కూర్మన్నపాలెంలో ఉంటాం. 1990లో గోదావరి ఫర్నేస్ మొదలైన రోజుల నుంచి 6600 వోల్టుల మోటార్లతో కాపురం చేసినవాణ్ణి, చివరికి 1.2 వోల్టులతో నడిచే వేలెడంత ముక్క నన్ను ఏడిపించింది. మా చిన్నమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుతోంది, త్రీడీ బొమ్మలు రెండరింగ్ చెయ్యడానికి, అంటే గీసినదాన్ని ఫోటోలా తయారుచెయ్యడానికి, లాప్‌టాప్ చాలట్లేదంటే, మా అక్క కొడుకు ‘మావయ్యా, రెడీమేడ్ కొంటే డబ్బులు దండగ, విడిగా పార్టులు తెచ్చి నేనే బిగించేస్తాను’ అన్నాడు. కొన్ని టౌన్‌లో షాపులో కొన్నాం, కొన్ని ఆన్‌లైన్‌లో. పోయినేడాది మే నెలలో డైనింగ్ టేబుల్ మీద పేపర్ పరిచి, అది కూడా మీ పేపరే, సాయంత్రం నాలుగింటికి మొదలెట్టి రాత్రి పదకొండుకి వెలిగించాడు. రైజన్ 5 ప్రాసెసర్, రెండు 8 జీబీ ర్యామ్‌లు (కంప్యూటర్ పని చేస్తున్నంతసేపూ లెక్కలు పెట్టుకునే మెమరీ ముక్కలు), చిన్న గ్రాఫిక్స్ కార్డు. మా ఆవిడ బొట్టు పెట్టి కొబ్బరికాయ కూడా కొట్టింది.

మొదట్లో అంతా బానే ఉంది. వారానికో పదిరోజులకో ఒకసారి నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అయ్యేది, కొత్తది కదా సర్దుకుంటుందిలే అనుకున్నాం. కొత్త మోటారు బేరింగ్ మోగుతుంటే సర్దుకుంటుందిలే అని ఎప్పుడైనా వదిలేశానా? లేదు. కానీ కంప్యూటర్ అనేసరికి బుర్ర పక్కన పెట్టేశాను. దసరాకి మావాడు మెమరీ చాలట్లేదేమో అని ఇంకో రెండు 8 జీబీలు ఆన్‌లైన్‌లో తెప్పించి బిగించాడు, వేరే కంపెనీవి. ఇంక అక్కణ్ణుంచి రోజూ ఇదే గొడవ. అమ్మాయి ఇరవై నిమిషాలు రెండరింగ్ పెడితే పద్ధెనిమిదో నిమిషంలో చచ్చిపోయేది. ఒక్కోరోజు ఏ పనీ లేకుండా ఊరికే వాల్‌పేపర్ చూపిస్తూ కూడా చచ్చేది, ఒక్కోసారి మూడు రోజులు బుద్ధిమంతుడిలా ఉండేది. ఈ మూడు రోజులు బాగుండటమే అన్నిటికన్నా పాడు, ఎందుకంటే ఆ ముందురోజు ఎవరు ఏం చేశారో దానివల్లే బాగైందని వాళ్ళు అనుకుంటారు.

కొత్తగా పెట్టిన ర్యామ్‌ల మీదే కదా అనుమానం వస్తుంది, తీసేశాం. అయినా రెండు రోజుల్లో మళ్ళీ ఆగింది. దాంతో ఇంట్లో అందరం కలిసి ‘అయితే ర్యామ్ కాదు’ అని తీర్పు చెప్పేసుకుని, తీసినవి మళ్ళీ పెట్టేశాం. ఈ తీర్పు గుర్తుపెట్టుకోండి, మొత్తం కథంతా ఇక్కడే తప్పింది.

తర్వాత నా వంతు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటుంటుంది, మా లాగ్‌బుక్ లాంటిదే, ఏ టైముకి ఏం ట్రిప్ అయిందో రాసిపెడుతుంది. అందులో ఎర్రగా కర్నెల్ పవర్ 41 అని వరుసగా కనపడింది. పవర్ అన్న మాట కనపడితే ఎలక్ట్రికల్ వాడు ఊరుకుంటాడా అండీ. మల్టీమీటర్ తీసి ప్లగ్గులో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూశాను, బోర్డు విప్పి ఎర్త్ వైరు మళ్ళీ బిగించాను, అపార్ట్‌మెంట్ కింద ఎర్త్ పిట్‌లో రెండు బకెట్లు నీళ్ళు పోయించాను, వాచ్‌మన్ నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. యూపీఎస్ బ్యాటరీ మార్పించాను, 1,150 రూపాయలు. చివరికి తెలిసిందేంటంటే ఆ 41 అనేది కరెంటు తేడా వచ్చిందని చెప్పడం కాదు, సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మిషను ఆగిపోయింది అని మాత్రమే చెప్తుంది. ఏ కారణంతో ఆగినా అదే నంబరు పడుతుంది. మనిషి పడిపోయాడు అని రాసినట్టు, ఎందుకు పడ్డాడో రాయలేదు.

ఇంక అప్పుడు కంప్యూటర్ డాక్టర్ల దగ్గరికి, అంటే రిపేరు సెంటర్లకి బయల్దేరాం. ఒకాయన ఆన్ చేసి రెండు నిమిషాలు చూసి వైరస్ అన్నాడు, ఫార్మాట్ 500. నాలుగు రోజులకి మళ్ళీ అదే. ఇంకోచోట ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలుండే పవర్ సప్లై డబ్బా, వీక్ అన్నారు, కొత్తది 4,300. వారం తర్వాత మళ్ళీ. అక్కడే మళ్ళీ ఫార్మాట్ కొట్టారు, 600, ఆ రెండోసారి విండోస్ ఎక్కిస్తుంటే మధ్యలో ఫైళ్ళు కరప్ట్ అయ్యాయి అంటూ రెండుసార్లు ఆగింది, మూడోసారి ఎక్కింది. ఆ కుర్రాడు పెన్‌డ్రైవ్ పాతది సార్ అన్నాడు. అప్పుడైనా నాకు వెలగాలి కదా! విండోస్ ఇంకా ఎక్కనేలేదు, వైరస్ ఎక్కడ్నించి వస్తుంది? మొత్తం లెక్కేస్తే 6,550 రూపాయలు, రోగం ఎక్కడిదక్కడే.

ఆ పాఠకుడు చూసుకోవాల్సిన గుర్తులు రెండు చెప్తాను. ఒకటి, నీలం స్క్రీన్ కింద ఇంగ్లిష్‌లో ఒక కోడ్ పేరు వస్తుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోండి. నేను నోట్‌బుక్‌లో తేదీ, టైము, పేరు రాయడం మొదలెట్టాను, అదొక్కటే నేను చేసిన తెలివైన పని. మొదటి పేజీలో మెమరీ మేనేజ్‌మెంట్, తర్వాత ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, తర్వాత పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, తర్వాత మళ్ళీ ఇంకోటి. ఏదో ఒక డ్రైవరో సాఫ్ట్‌వేరో పాడైతే సాధారణంగా అదే పేరు, అదే పనిలో మళ్ళీ మళ్ళీ వస్తుంది, రోజుకో పేరు రోజుకో పనిలో వస్తోందంటే కింద ఇనుములోనే, అంటే హార్డ్‌వేర్‌లోనే తేడా ఉందేమోనని చూడాలి. రెండోది ఇంకా తేలిక. అమ్మాయి కాలేజీ వాళ్ళు పంపిన పెద్ద జిప్ ఫైలు విప్పుతుంటే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైల్లో ఉన్నది సరిచూసే లెక్కతో సరిపోలేదని) అని ఒక ఫైలు దగ్గర ఆగింది, డౌన్‌లోడ్ పాడైందనుకుని అదే జిప్ మళ్ళీ విప్పితే ఈసారి ఆ ఫైలు బానే వచ్చి వేరే ఫైలు దగ్గర ఆగింది. డిస్కులో ఉన్న ఫైలు ఒక్కటే కదా, చదివిన ప్రతిసారీ తప్పు వేరే చోట వస్తోందంటే తప్పు ఫైల్లో లేదు, దాన్ని చేతిలో పట్టుకుని లెక్కపెట్టేవాడి చేతిలో ఉంది.

ఆ జిప్ సంగతి మావాడికి ఫోన్‌లో చెప్తే ఒక్క క్షణం ఆగి ‘మావయ్యా, మనం మెమ్‌టెస్ట్ చెయ్యనే లేదు’ అన్నాడు. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అని ఒకటుంది, అది ఇంతకుముందే చేశాం, ఏ తప్పూ లేదని చెప్పింది, అందుకే ధీమాగా ఉన్నాం. మెమ్‌టెస్ట్86 అనేది వేరు, ప్లస్ అని పేరు చివర ఉన్న ఇంకోటి కూడా ఉంది, ఏదైనా పర్లేదు, రెండూ ఉచితమే. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాంతోనే మిషను బూట్ చెయ్యాలి, విండోస్‌తో పనే లేదు. ర్యామ్‌లో ప్రతి గడిలో ఒక విలువ రాసి, మళ్ళీ చదివి, రాసింది ఇదేనా అని చూస్తుంది, రకరకాల పద్ధతుల్లో, గంటల తరబడి. 32 జీబీకి నాలుగు పాస్‌లు, అంటే మొత్తం పరీక్ష నాలుగుసార్లు, అంటే రాత్రంతా పడుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకి పెట్టి భోజనానికి కూర్చున్నాం, అప్పడం నమిలేలోపే ఎర్ర గీతలు మొదలయ్యాయండి. ఒకటా రెండా, స్క్రీన్ నిండా. మావిడికాయ పప్పు కూడా రుచించలేదు ఆ రోజు. ఇది పరీక్షలో 35 మార్కులొస్తే పాస్ లాంటిది కాదు, రాత్రంతా కలిపి ఒక్క తప్పు వచ్చినా తప్పే.

అప్పుడు ప్లాంట్‌లో నేర్చుకున్నది గుర్తొచ్చింది, ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నాలుగు ర్యామ్‌లకీ స్కెచ్‌తో 1, 2, 3, 4 అని స్టిక్కర్లు అంటించాం. స్విచ్ కట్టేసి, ప్లగ్ తీసేసి, క్యాబినెట్ ఇనుము ముట్టుకుని చేతిలో స్టాటిక్ వదిలించుకుని, ఒక్కోదాన్ని ఒంటరిగా ఒకే స్లాట్‌లో పెట్టి ఒక్కో రాత్రి పరీక్ష. ముట్టుకునేటప్పుడు మావాడు బంగారు రంగు కాళ్ళు రబ్బరుతో మెల్లిగా తుడిచాడు, సముద్రం పక్కన ఊరు కదా ఉప్పు గాలికి పొర పడుతుంది, కాంటాక్ట్ మురికైతే ఇది నిజంగానే పనిచేస్తుంది, మాకు మాత్రం దీంతో తేడా రాలేదు. నాలుగు రాత్రులు పట్టింది. 1, 3, 4 శుభ్రంగా వచ్చాయి. 2 నంబరుది, మొదట షాపులో కొన్న జతలోది, పదిహేను నిమిషాల్లో ఎర్రబడింది. స్లాట్ మార్చి చూశాం, తప్పులు స్లాట్‌ని వదిలి ర్యామ్ వెంటే వెళ్ళాయి, దాదాపు అదే అడ్రసు, అదే బిట్. దొంగ దొరికాడు. మేము దసరాకి కొన్నవి తీసేసి పాతవి ఉంచినప్పుడు లోపల ఉంచింది ఈ దొంగనే అన్నమాట, అందుకే ‘ర్యామ్ కాదు’ అన్న తీర్పు వచ్చింది.

ఇది ఎందుకిలా అవుతుందో కాస్త చదివితే భలే ఆశ్చర్యం వేసింది. ర్యామ్‌లో ఒక్కో బిట్ ఒక చిన్న కెపాసిటర్, అంటే చిల్లు కుండ, నింపిన ఛార్జి కారిపోతూనే ఉంటుంది, అందుకే ప్రతి 64 మిల్లీసెకన్లకీ మళ్ళీ చదివి మళ్ళీ నింపుతూ ఉండాలి. 8 జీబీ ముక్కలో ఇలాంటి కుండలు దాదాపు 6,870 కోట్లు. అందులో ఒక్క కుండకి చిల్లు కాస్త పెద్దదైతే 64 మిల్లీసెకన్లు ఆగలేదు, ఒకటి కాస్తా సున్నా అయిపోతుంది. వేడికి ఇంకా తొందరగా కారుతుంది, మా అమ్మాయి మధ్యాహ్నం ఏసీ లేని గదిలో రెండరింగ్ పెట్టినప్పుడే ఎక్కువ చచ్చేది, ఇప్పుడు అర్థమైంది. సర్వర్లలో వేసే ఈసీసీ ర్యామ్ ఒక బిట్ తప్పితే తనే సరిదిద్దుకుంటుంది, మన ఇళ్ళలో మామూలు ర్యామ్‌కి ఆ సౌకర్యం లేదు. ఇదేదో అరుదైన జబ్బు అనుకోకండి, గూగుల్ తన సర్వర్ల మీద 2009లో వేసిన పేపర్లో ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ మాడ్యూళ్ళలో తప్పులు కనపడ్డాయని రాశారు. 2003లో బెల్జియంలో షార్‌బీక్ అనే చోట ఎలక్షన్ కౌంటింగ్‌లో ఒక అభ్యర్థికి రావాల్సినదానికన్నా సరిగ్గా 4096 ఓట్లు ఎక్కువ వచ్చాయి, రెండుని పన్నెండుసార్లు హెచ్చిస్తే వచ్చే అంకె అది, అంటే ఒక్క బిట్ తిరగబడిందన్నమాట. అసలు రావడానికి వీల్లేనన్ని ఓట్లు వచ్చాయి కాబట్టి పట్టుకున్నారు. విండోస్ లాంటిదే లైనక్స్ అని ఉంది, దాన్ని తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు 2022 అక్టోబరులో తన మిషను పిచ్చిగా ప్రవర్తిస్తుంటే కొత్త కోడ్‌లో తప్పేమోనని గంటలు వెతికాడు, చూస్తే ర్యామ్ పోయింది. ఆయనకే అలా అయితే వీధి చివర సెంటర్ కుర్రాణ్ణి నేనేమంటాను.

కానీ కథ అయిపోలేదు. 2 నంబరు పక్కన పెట్టి మూడింటితో రెండు వారాలు నడిపాం, ఒక్కసారి కూడా ఆగలేదు. ఈలోగా ర్యామ్ తీసుకుని కొన్న షాపుకి వెళ్తే, ‘మీరే బిగించుకున్నారు కాబట్టి వారంటీ రాదండీ’ అన్నారు, బిల్లు మీద ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని రబ్బరు స్టాంపు కూడా చూపించారు. ర్యామ్ అనేది బిగించుకోవడానికే కదండీ అమ్మేది, ఊరగాయ వేసుకోడానికా? అక్కడ గొడవ పడలేక నేరుగా తయారుచేసిన కంపెనీ సర్వీసు వాళ్ళకి బిల్లు, సీరియల్ నంబరు, ఎర్ర గీతల ఫోటో పంపాను, మూడు వారాల్లో కొత్తది పంపించారు. ఆ స్టాంపు సంగతి మాత్రం మీ పేపర్లో ఒకసారి పెద్దక్షరాలతో రాయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) కింద పాడైన సరుకు వెనక్కి తీసుకోను అనడం, బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోపు, రాయకపోతే 30 రోజుల్లోపు, అనుచిత వ్యాపార పద్ధతి కిందకే వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. నాకు గడువు దాటిపోయింది, ఆర్నెల్లు ఫార్మాట్లు కొట్టించుకుంటూ కూర్చున్నాను కదా.

కొత్తది వచ్చాక నాలుగూ పెట్టాం. వారానికి మళ్ళీ నీలం స్క్రీన్! మా ఆవిడ ఆ కొబ్బరికాయ కుళ్ళిందేమోనండి అంది. ఈసారి ఫార్మాట్ మాట ఎవరూ ఎత్తలేదు, పెన్‌డ్రైవ్ పెట్టాం. ఐదు గంటలు శుభ్రంగా నడిచి తెల్లవారుజామున రెండు తప్పులు. ఒక్కోదాన్ని విడిగా పెడితే నాలుగూ మంచివే. అంటే ముక్కలు మంచివే, కాపురం కుదరలేదు. మావాడు బయాస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్ ఆన్ చేసి 3600 స్పీడు పెట్టాడు, రెండో జత డబ్బా మీద 3600 అనే రాసుంది, మొదటి జత 3200ది. డబ్బా మీద రాసిన స్పీడు ఆ జత ఒక్కటే ఉన్నప్పటి మాట, అదీ మామూలు 1.2 వోల్టుల దగ్గర కాదు, 1.35 వోల్టులిచ్చి పరిగెత్తిస్తే వచ్చేది, అంటే ఓవర్‌క్లాకింగే, మామూలు స్పీడు దాటించి నడపడం. ఆ ప్రాసెసర్‌కి కంపెనీ ఒప్పుకునేది రెండు ముక్కలతో 3200 వరకే, నాలుగు పెడితే ఇంకా తగ్గుతుంది. వేర్వేరు జతలు కలిపితే ఇంక చెప్పక్కర్లేదు. 3200కి దించితే ఒక రాత్రి పాసై రెండో రాత్రి ఒక తప్పు వచ్చింది. 2933కి దించాం, మూడు రాత్రులు వరుసగా పెట్టాం, ఒక్కటి లేదు. మావాడికి మనసొప్పలేదు, ‘అంత స్పీడు పోగొట్టుకుంటామా మావయ్యా’ అని గొణిగాడు, అమ్మాయికి చెప్పకుండా దించేశాం, ఈ రోజు వరకూ తనకి తేడా తెలీదు. ఇది చదివితే తెలుస్తుంది.

అన్ని జబ్బులకీ ర్యామే కారణం అని నేను అనట్లేదు లెండి. మెమ్‌టెస్ట్ రాత్రంతా శుభ్రంగా వచ్చినా మిషను ఆగిపోతుంటే అప్పుడు వేడి, ఎస్‌ఎంపీఎస్, డిస్కు, ప్రాసెసర్ ఇలా ఒక్కొక్కటీ చూసుకోవాలి. 2024లో ఇంటెల్ 13, 14 తరం ప్రాసెసర్లలో ఇలాంటి గొడవే వచ్చింది, గేములు వీడియో మెమరీ చాలట్లేదని చూపించి ఆగిపోయేవి, తీరా చూస్తే తేడా ప్రాసెసర్‌కి వెళ్ళే వోల్టేజీలో ఉంది, కంపెనీయే ఆ ఆగస్టులో మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం, సరిచేసి ఇచ్చి వారంటీ రెండేళ్ళు పెంచింది. కాబట్టి మెసేజీలో మెమరీ అని రాసున్నంత మాత్రాన కూడా ర్యామ్ కొనెయ్యకండి. నేను చెప్పేది వరుస గురించే. ఖర్చు లేనిది, దేన్నీ చెరపనిది ముందు చెయ్యాలి, ఫార్మాట్ అన్నిటికన్నా ఆఖర్న.

ఆఖర్న ఎందుకంటున్నానో చెప్పి ముగిస్తాను. మీ సలహాలో బ్యాకప్ తీసుకుని అని రాశారు చూశారా, అదే నన్ను ఎక్కువ బాధపెట్టిన ముక్క. మొదటి ఫార్మాట్‌కి ముందు మేమూ బుద్ధిగా బ్యాకప్ తీసుకున్నాం. పాత కంప్యూటర్ డిస్కులో ఉన్న ఫోటోలన్నీ ఈ కొత్త మిషన్లో పెట్టి పెద్ద డిస్కుకి కాపీ చేసి, పాత డిస్కు ఖాళీ చేసి తోడల్లుడి గారబ్బాయికి ఇచ్చేశాం. కాపీ అయ్యేటప్పుడు ప్రతి ఫోటో ఆ చిల్లు కుండల మీదుగానే వెళ్ళింది, చాలావాటికి ఏమీ కాలేదు, తప్పు పడినవాటికి మాత్రం ఏ మెసేజీ రాలేదు, కాపీ పూర్తయింది అనే చూపించింది. పోయిన నెల అమ్మాయి ఆ ఫోల్డర్ తెరిచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది కదా, మర్నాడు పొద్దున్న తీసిన ఫోటోలు, మా నాన్నగారు గుమ్మం ముందు పడిపోయిన మావిడిచెట్టు పక్కన లుంగీ ఎగ్గట్టి నిలబడి నవ్వుతున్నారు. ఆయన పోయి ఐదేళ్ళయింది. పైసగం బానే ఉంది, ఆయన ముఖం, భుజం, విరిగిన కొమ్మ. ఛాతీ దగ్గర్నించి కిందకి గులాబీ రంగు, పచ్చరంగు గీతలు. అలాంటివి మొత్తం పదకొండు తేలాయి ఇప్పటికి, ఇంకా అన్నీ చూడలేదు.

ఆ పాఠకుడి అడ్రసు మీ దగ్గరుంటే ఈ ఉత్తరం అచ్చయ్యే దాకా ఆగకుండా ఒక ఫోన్ చేసి, మెమ్‌టెస్ట్ అయ్యేవరకూ బ్యాకప్ ఆ మిషన్లో తియ్యొద్దని, డిస్కు విప్పి వేరే మంచి మిషన్లో పెట్టి తీసుకోమని చెప్పండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం